థార్ ఎడారిని కాపాడే సంస్థలు: పగ్గాలు ఎవరి చేతిలో?

క్లుప్తంగా: బట్టమేకపిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కేసులో సుప్రీంకోర్టు 2025 డిసెంబరులో ఇచ్చిన తీర్పుతో రాజస్థాన్ ఎడారిలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలపై చర్చ మళ్లీ మొదలైంది. వీటిని ట్రస్టీలు, శాస్త్రవేత్తలు, ఊళ్లలోని పశుపోషకులు కలిసి నడుపుతారు. ముగ్గురి మాటకూ ఒకే విలువ ఉండదు. డబ్బు ఎవరిస్తున్నారు, చట్టం ప్రకారం చెల్లించి తీరాల్సిందేనా లేక ఇష్టమైతే ఇచ్చేదా, కాపాడాల్సిన నేల రెవెన్యూ రికార్డుల్లో ఏమని నమోదై ఉంది అనే మూడు ప్రశ్నల దగ్గరే ఏ సంస్థ ఎంతదూరం వెళ్లగలదో తేలిపోతుంది.

సుప్రీంకోర్టు దాకా వెళ్లిన పక్షి

2025 డిసెంబరు 19న జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ అతుల్ చందూర్కర్‌ల ధర్మాసనం ఇచ్చిన తీర్పుతో రాజస్థాన్‌లో 14,013 చదరపు కిలోమీటర్లు, గుజరాత్‌లో 740 చదరపు కిలోమీటర్లు బట్టమేకపిట్టకు ప్రాధాన్య ప్రాంతాలుగా ఖరారయ్యాయి. ఆ పరిధిలో కొత్త సోలార్ పార్కులకు, గాలిమరలకు, కరెంటు లైన్లకు గట్టి పరిమితులు వచ్చాయి. కంపెనీల సామాజిక బాధ్యతలో పర్యావరణ బాధ్యత కూడా భాగమేనని కోర్టు అదే తీర్పులో చెప్పింది. పత్రికల్లో పెద్దగా చోటు దొరకని ఈ చివరి మాటకే ఈ వ్యాసంలో ఎక్కువ ప్రాధాన్యం.

కేసు 2019 నాటిది. వేసింది ఎం.కె. రంజిత్‌సిన్హ్. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రూపకల్పనలో ముఖ్య పాత్ర వహించిన రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఆయన. పక్షులు తగిలి చనిపోకుండా కరెంటు తీగలను వీలున్న ప్రతిచోటా భూమి లోపల వేయాలని 2021 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. దాదాపు 99 వేల చదరపు కిలోమీటర్లలో అది జరిగే పని కాదని కేంద్రం వాదించింది. దాంతో 2024 మార్చిలో కోర్టు ఆ ఆదేశాన్ని సడలించి, విషయాన్ని నిపుణుల కమిటీకి అప్పగించింది. డిసెంబరు తీర్పుకు ఆధారం ఆ కమిటీ సిఫార్సులే.

ఇంత తతంగం ఎందుకంటే, రాజస్థాన్‌లో గోడావణ్ అని పిలిచే ఈ రాష్ట్ర పక్షి అడవిలో ఇప్పుడు 150 కూడా లేదని అంచనా. మగ పక్షి 15 కిలోల దాకా తూగుతుంది. కళ్లు తలకు పక్కలకు ఉండటంతో ఎదురుగా ఉన్న తీగ దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. కనిపించాక అంత బరువుతో పక్కకు తప్పుకోవడం కష్టం. పెట్టేది సాధారణంగా ఒక్కసారికి ఒకే గుడ్డు, కాబట్టి పెద్ద పక్షి ఒకటి చచ్చినా ఆ లోటు పూడటానికి ఏళ్లు పడుతుంది. థార్‌లో సుమారు 4,200 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలోనే అన్ని రకాలూ కలిపి ఏటా 84 వేల పక్షులు తీగల వల్ల చనిపోతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా కట్టింది.

ఈ వార్తలు చదివినవారికి సహజంగా వచ్చే సందేహాలు రెండు. అటవీ శాఖ ఉండగా మధ్యలో ఈ స్వచ్ఛంద సంస్థలు ఎందుకు? సోలార్‌కు అడ్డుపడుతున్న వీళ్ల వెనుక ఉన్నదెవరు? మొదటిదానికి జవాబు తేలికే. జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల డెజర్ట్ నేషనల్ పార్క్ ఉన్నా, పక్షికి దాని సరిహద్దు తెలియదు. పార్కు బయట పొలాల్లో, మేత బీళ్లలో తిరిగే పక్షి బాగోగులు చూసుకునేది ఎక్కువగా ఊరివాళ్లూ, వాళ్లతో పనిచేసే సంస్థలే. రెండో ప్రశ్నకే వివరంగా జవాబు చెప్పుకోవాలి.

నడిపేది ఎవరు?

మన దేశంలో స్వచ్ఛంద సంస్థ పుట్టడానికి దారులు మూడు: పబ్లిక్ ట్రస్టు, 1860 చట్టం కింద సొసైటీ, కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీ. మూడింటిలోనూ చట్టం దృష్టిలో సంస్థ అంటే దాని బోర్డు, అంటే ట్రస్టీలు లేదా పాలకవర్గం. చెక్కు మీద సంతకం, కోర్టులో అఫిడవిట్, ఆడిట్‌కు జవాబు అన్నీ వాళ్లవే. నీటి తొట్టి నింపే మనిషి సంస్థకు ఎంత ముఖ్యమైనా, కాగితం మీద అతను సంస్థలో లేనట్టే.

ఆచరణలో ఎడారి సంస్థలన్నీ ఒకే మూసలో లేవు. జోధ్‌పుర్ జిల్లాలో 1983లో మొదలైన గ్రావిస్ గాంధేయ కార్యకర్తల సంస్థ. నీరు, మేత, ఆరోగ్యం చూసుకుంటే ఎడారి దానంతటదే నిలబడుతుందన్నది దాని పద్ధతి. 2002లో ఏర్పడిన జల్ భగీరథి ఫౌండేషన్‌కు అధ్యక్షుడు మార్వాడ్ రాజవంశీకుడు గజ్‌సింగ్. అక్కడ రాజుగారి మాటకు ఊళ్లలో ఇంకా ఉన్న మర్యాద చెరువుల బాగుచేతకు పనికొచ్చింది. 1994లో మొదలైన కార్బెట్ ఫౌండేషన్ కచ్‌లో బట్టమేకపిట్టల కోసం పనిచేస్తోంది. అది పశువైద్య శిబిరాలు కూడా పెడుతుంది. ఆవుకు మందు ఇచ్చిన మనిషి చెబితేనే ఊళ్లో పక్షి గురించి వింటారు మరి. జైసల్మేర్ వైపు ఈఆర్‌డీఎస్ ఫౌండేషన్ తరహా వేరు. ఢిల్లీలోని గురు గోబింద్ సింగ్ ఇంద్రప్రస్థ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు సుమిత్ డూకియా మార్గదర్శకత్వంలో ఆ సంస్థ ఊరి కుర్రాళ్లకు పక్షులను గుర్తించడం, లెక్క రాయడం నేర్పింది.

రాజవంశీకులు, రిటైర్డ్ అధికారులు, ప్రొఫెసర్లు పగ్గాలు పట్టడాన్ని తప్పుబట్టేవారున్నారు. అందులో కొంత నిజం ఉంది. అయితే సుప్రీంకోర్టులో ఆరేడేళ్లు కేసు నడపాలంటే ఖర్చు, పరిచయం, ఇంగ్లిష్ కాగితం కావాలి. మేకల మందతో తిరిగే మనిషికి ఇవేవీ అందుబాటులో లేవు. ట్రస్టీలు ఊరివాళ్లు కాకపోవడం ఒక్కటే సమస్య అనుకుంటే పొరపాటు. ఊరివాళ్లకు తెలిసింది ట్రస్టీల బల్ల మీదికి చేరే దారి ఉందా లేదా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న.

తీగ కింద శవం రికార్డుకెక్కాలంటే

ఆ దారి ఎలా పనిచేస్తుందో ఒక్క ఉదాహరణలో చూడొచ్చు. రాత్రి తీగకు తగిలి పక్షి పడిపోతుంది. తెల్లారేలోపు నక్కలు, ఊరకుక్కలు దాన్ని ఈడ్చుకుపోతాయి. మిగిలేవి ఈకలు, ఒక్కోసారి అవీ ఉండవు. కాబట్టి పొద్దున్నే లైను వెంట నడిచేవాడు ఉండాలి. అతను ఫోన్లో లొకేషన్‌తో ఫొటో తీయాలి, ఏ టవర్ల మధ్యనో రాయాలి, శవాన్ని ముట్టుకోకుండా అటవీ శాఖ మనిషి వచ్చేదాకా కాపలా ఉండాలి. ఆ తర్వాతే పంచనామా, పోస్టుమార్టం. వీటిలో ఒక్కటి జరగకపోయినా ఆ చావు లెక్కలోకి రాదు. ‘ఈ లైను వల్ల పక్షి చనిపోయినట్టు ఆధారం లేదు’ అని కంపెనీ రాసే అఫిడవిట్‌కు అదే బలం అవుతుంది.

2020 సెప్టెంబరులో దేగరాయ్ ఓరణ్‌లో తీగ కింద చచ్చిపడిన బట్టమేకపిట్టను పసిగట్టింది అక్కడివాళ్లే. దేవత పేరు మీద ఊళ్లు ఉమ్మడిగా వదిలిపెట్టిన మేత అడవిని అక్కడ ఓరణ్ అంటారు. చెట్టు కొట్టకూడదు, మేపుకోవచ్చు. పక్షులకు తీగ కనపడేలా తగిలించే తిరుగుడు బిళ్లలు ఎక్కడ లేవు, ఎక్కడ ఊడిపోయాయి అన్నదీ ఇలాంటి మనుషుల చూపు వల్లే బయటికొస్తుంది.

ఈ పనికి పేరు తెచ్చినవాడు పోఖ్రాన్ వైపు ధోలియా ఊరి రాధేశ్యామ్ బిష్ణోయ్. ఎండాకాలంలో వన్యప్రాణులకు నీటి తొట్లు నింపడం, గాయపడ్డ చింకారా జింకలకు వైద్యం, వేటగాళ్ల కదలికలు కనిపెట్టడం ఆయన దినచర్య. 2025 మేలో వేటగాళ్ల సమాచారం అంది రాత్రిపూట వెళ్తుండగా జరిగిన రోడ్డు ప్రమాదంలో అటవీ సిబ్బందితో సహా మరికొందరితో పాటు ఆయన చనిపోయాడు. వయసు 30 కూడా లేదు. 1730లో ఖేజడ్లీలో జమ్మిచెట్ల కోసం 363 మంది ప్రాణాలిచ్చారని చెప్పుకునే సముదాయం ఆయనది. అక్కడ ఈ పని చాలామందికి ఉద్యోగం కాదు. వచ్చేది కొద్దిపాటి గౌరవ వేతనం, లేదంటే అదీ ఉండదు. ప్రమాదం మాత్రం పూర్తిగా వాళ్లదే. సంస్థల బడ్జెట్లలో పెట్రోలు, టైర్లు, ట్యాంకర్ నీళ్లు, బీమా లాంటి ఖర్చులకే డబ్బు పుట్టడం కష్టం. ఎందుకో తెలియాలంటే డబ్బు వచ్చే దారి చూడాలి.

డబ్బుకు రెండు తలుపులు, రెండింటికీ గడియలు

విదేశీ విరాళాలు ఒక తలుపు. 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని (ఎఫ్‌సీఆర్ఏ) సవరించాక అది బాగా ఇరుకైంది. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. పైగా ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు ఇవ్వకూడదు. ఈ రెండో నిబంధన దెబ్బ బయటికి అంతగా కనిపించదు. అంతకుముందు ఢిల్లీ, ముంబైల్లోని పెద్ద సంస్థ నిధి తెచ్చి, లెక్కల తలనొప్పి తానే పడి, జైసల్మేర్‌లోని చిన్న బృందానికి పని అప్పగించేది. ఇప్పుడు చిన్న బృందం సొంతంగా రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలి. దానికి మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షల రూపాయల ఖర్చు చూపించాలి. నలుగురు కుర్రాళ్లు, ఒక బైకు ఉన్న బృందానికి అది అయ్యే పని కాదు.

రెండో తలుపు కంపెనీల సామాజిక బాధ్యత నిధి, అంటే సీఎస్ఆర్. ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలన్నది చట్టం. ఖర్చు చేయడం తప్పనిసరే గానీ ఎవరికివ్వాలో కంపెనీ ఇష్టం. జైసల్మేర్‌లో సీఎస్ఆర్ ఇవ్వగల పెద్ద కంపెనీలు ఏవి? ఎక్కువ భాగం సోలార్, గాలిమరలు, ట్రాన్స్‌మిషన్ కంపెనీలే. తీగలు వాళ్లవి, నిధులూ వాళ్లవి. వాళ్ల దగ్గర డబ్బు తీసుకున్న సంస్థ తీగల మీద నోరు మూసుకుంటుందని చెప్పలేం. అలాంటి షరతు ఒప్పందంలో రాసి ఉండాల్సిన పనీ లేదు. వచ్చే ఏడాది రెన్యూవల్ ఉందన్న టెన్షన్ చాలు, నివేదికలో ఒక పేరా తగ్గుతుంది.

సీఎస్ఆర్ వల్ల పని స్వరూపమే మారిపోవడం ఇంకో సంగతి. కంపెనీ వార్షిక నివేదికకు లెక్క కావాలి. ఎన్ని మొక్కలు నాటారు, ఎన్ని తొట్లు కట్టారు అన్నది లెక్కకు వస్తుంది. ఎడారిలో పెరిగే సేవణ్ గడ్డి తిరిగి మొలిచిన బీడు ఫొటోలో ఖాళీ నేలలాగే ఉంటుంది. బట్టమేకపిట్టకు కావాల్సింది ఆ ఖాళీయే. చెట్లు దట్టమైతే అది ఆ చోటు వదిలేస్తుంది. మన ఊళ్ల గట్ల మీద కూడా పాకిన సర్కారు తుమ్మను ఒకప్పుడు ఎడారిని పచ్చగా చేద్దామనే నాటారు. ఇప్పుడు దాన్ని పీకడానికి డబ్బు పెడుతున్నారు.

కాలిఫోర్నియాలో నేలనే కొంటారు

అమెరికాలో మొజావీ ఎడారితో పోలిస్తే తేడా స్పష్టమవుతుంది. ఎడారి తాబేళ్ల కోసం 1974లో ఏర్పడిన డెజర్ట్ టార్టాయిస్ ప్రిజర్వ్ కమిటీ కాలిఫోర్నియా సిటీ దగ్గర ప్రైవేటు ప్లాట్లు ఒక్కొక్కటీ కొంటూ వచ్చింది. 1980లో అక్కడి ప్రభుత్వ భూమిని తాబేళ్ల పరిశోధన ప్రాంతంగా ప్రకటించారు. 2006లో జాషువా ట్రీ ప్రాంతంలో మొదలైన మొజావీ డెజర్ట్ ల్యాండ్ ట్రస్ట్ లక్ష ఎకరాలకు పైగా కొనింది. అందులో చాలా భాగం జాతీయ పార్కుల శాఖ చేతికి వెళ్లింది. 19వ శతాబ్దంలో రైల్వే కంపెనీలకు ఒక గడి విడిచి ఒక గడి చొప్పున భూములిచ్చారు కాబట్టి, అక్కడి ఎడారి పటం చదరంగం బల్లలా ఉంటుంది. పార్కు మధ్యలో ప్రైవేటు గడులు. వాటిని కొని పార్కుకు అందించడమే ఈ ట్రస్టు ప్రధానమైన పని.

అక్కడి సంస్థలకూ సోలార్ కంపెనీల డబ్బు వస్తుంది. అయితే వచ్చే దారి వేరు. రక్షిత జీవి నివాసాన్ని పాడుచేసే ప్రాజెక్టు, బదులుగా వేరేచోట నేల కొని శాశ్వతంగా కాపాడాలన్నది కాలిఫోర్నియా చట్టం. నేలతో పాటు నిర్వహణకు మూలధనం కూడా కట్టాలి. దాని మీద వచ్చే ఆదాయంతో కంచె, కాపలా ఏళ్ల తరబడి సాగుతాయి. ఇది కంపెనీ దానం చేసేది కాదు, పర్మిట్‌లో రాసిన బాకీ. కాబట్టి డబ్బు తీసుకున్నా ఆ కంపెనీ తర్వాతి ప్రాజెక్టును సంస్థ తప్పుబట్టగలదు. ఈ ఏర్పాటులో ఒక మెలిక లేకపోలేదు. నాశనం ఎక్కువైన కొద్దీ నిధి పెరుగుతుంది, పోయిన నివాసానికి కొన్న నేల సరిసమానం అవుతుందన్న హామీ లేదు.

మన దగ్గరా ఇలాంటి బాకీ ఒకటుంది. అడవిని వేరే పనికి ఇస్తే చట్టప్రకారం కట్టించుకునే కాంపా నిధి అది. అయితే అది వెళ్లేది ప్రభుత్వానికి. అసలు చిక్కు మరోచోట ఉంది. రికార్డుల్లో అడవి అని ఉంటేనే ఆ బాకీ పుడుతుంది.

సివాయ్ చక్ అని రాస్తే

ఎడారిలో చాలా నేల రికార్డుల్లో అడవి కాదు. రాజస్థాన్‌లో ఎవరి పేరునా లేని ప్రభుత్వ భూమిని సివాయ్ చక్ అంటారు. మన బంజరు, పోరంబోకు లాంటిది. వందల ఏళ్లుగా ఊళ్లు కాపాడుకుంటున్న ఓరణ్‌లలో చాలావాటికి పట్వారీ పుస్తకంలో ఉన్న పేరు అదే. స్థానికుల లెక్కలో దేగరాయ్ ఓరణ్ 60 వేల బిఘాలు (బిఘా అక్కడి భూమి కొలత). ఓరణ్‌గా రికార్డుకెక్కింది అందులో సగం కన్నా తక్కువే. మిగతాది సోలార్‌కు కేటాయిస్తే కాగితం ప్రకారం అడవి పోలేదు, పరిహారం కట్టాల్సిన పనిలేదు, అనుమతుల జంజాటమూ తక్కువే. అందుకే జైసల్మేర్ చుట్టుపక్కల పనిచేసే బృందాలకు ఇప్పుడు తహసీల్ కార్యాలయంలో పాత నక్షాలు వెతికించడం, సర్వే నంబర్లు సరిచూడటం, ఓరణ్ చుట్టూ పరిక్రమ చేసి సరిహద్దు జనం నోట నిలబెట్టడం పక్షుల లెక్కింపు అంత ముఖ్యమైన పనులయ్యాయి.

ఇది తెలుగు పాఠకులకు కొత్త కథ కాదు. వర్షపాతంలో జైసల్మేర్ తర్వాత చెప్పుకునే పాత అనంతపురం జిల్లాలో, చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ 1990ల మొదటి నుంచి చుట్టుపక్కల ఊళ్లతో కలిసి కల్పవల్లి కొండలను కాపాడింది. కాపలాదారులను పెట్టుకుని, మంటలు అంటుకోకుండా గట్లు తీసి, ఏడు వేల ఎకరాలకు పైగా బోడిగుట్టలను పచ్చబరిచారు. వాగుల్లో ఈతచెట్లు లేచాయి. నిర్వహణ ఊళ్ల సహకార సంఘం చేతిలోనే ఉండేది. రికార్డుల్లో మాత్రం అది బంజరు. 2010 తర్వాత ఆ గుట్టల మీదికి గాలిమరలు వచ్చాయి. వాటి కోసం కొండల మీద రోడ్లు తవ్వారు. వివాదం చెన్నైలోని హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లింది. సంస్థ నడిపేవారి నిజాయతీ, ఊరి భాగస్వామ్యం రెండూ ఉన్నచోట కూడా రికార్డులోని ఒక్క మాట ఎలా అడ్డం తిరుగుతుందో చెప్పడానికి కల్పవల్లిని మించిన ఉదాహరణ దొరకదు.

రికార్డు సరిగ్గా ఉంటే చాలా అంటే, కర్నూలు వైపు రోళ్లపాడు ఉంది. బట్టమేకపిట్ట కోసమే 1988లో సుమారు 614 హెక్టార్ల అభయారణ్యం ప్రకటించారు. నేల అటవీ శాఖదే. చుట్టూ సాగునీరు వచ్చి మెట్ట పంటలు మారిపోయాయి. కృష్ణజింకలు పెరిగి చేలు మేయడంతో రైతులకు అభయారణ్యమంటేనే కోపం వచ్చింది. కంచె లోపలి గడ్డి ఒక్కటే పక్షికి చాలలేదు. ఇటీవలి ఏళ్లలో అక్కడ బట్టమేకపిట్ట కనిపించడమే అరుదైపోయింది.

ఇక ముందు

2025 డిసెంబరు తీర్పు ప్రభావం ఈ సంస్థల మీద రెండు రకాలుగా పడొచ్చు. పర్యావరణం కోసం పెట్టే ఖర్చును దానంగా చూడొద్దని కోర్టు అన్న మాట నియమాల్లోకి దిగితే, ప్రాధాన్య ప్రాంతంలో కంపెనీలు ఇచ్చే డబ్బు కాలిఫోర్నియా తరహాలో బాకీ అవుతుంది. దిగకపోతే సీఎస్ఆర్ నిధులు మరికొన్ని వస్తాయి, పేరు రాసిన బోర్డులున్న తొట్లు మరికొన్ని లేస్తాయి. జైసల్మేర్ జిల్లాలోని సమ్, రామ్‌దేవ్‌రా సంతానోత్పత్తి కేంద్రాల్లో పెంచుతున్న బట్టమేకపిట్టలు 2025కే 60 దాటాయి. వాటిని వదలాల్సింది ఈ బీళ్లలోకే కాబట్టి కాపలా మనుషుల అవసరం తగ్గదు.

ఓరణ్‌ల సంగతి మరింత సున్నితం. కృపావిస్ సంస్థకు చెందిన అమన్ సింగ్ పోరాటం ఫలితంగా, ఓరణ్‌లను గుర్తించి సర్వే చేసి అడవులుగా ప్రకటించాలని 2024 డిసెంబరు 18న సుప్రీంకోర్టు రాజస్థాన్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. దీంతో పరిహారం బాకీ పుడుతుంది, సోలార్‌కు కేటాయింపు కష్టమవుతుంది. కానీ అడవి అయితే మేపు ఆగిపోతుందేమోనని పశుపోషకుల భయం. అదే ఏడాది ఫిబ్రవరిలో ప్రభుత్వం ఓరణ్‌లను అడవులుగా పరిగణిస్తామని ప్రకటించినప్పుడు జైసల్మేర్ ఊళ్ల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఊళ్లకు సామూహిక హక్కులు గుర్తించే దారి చూడమని కోర్టు సూచించింది గానీ, అది ఆచరణలోకి రావాలి. ఈ గుర్తింపు పనికి కోర్టు వేయమన్న కమిటీలో స్థానాలు ఐదు: రిటైర్డ్ హైకోర్టు న్యాయమూర్తి, రంగ నిపుణుడిగా వీలైతే రిటైర్డ్ అటవీ అధికారి, కేంద్ర పర్యావరణ శాఖ నుంచి ఒకరు, రాష్ట్ర అటవీ, రెవెన్యూ శాఖల నుంచి ఒక్కొక్కరు. ఓరణ్‌లో మేపుకునే ఊళ్ల తరఫున ఆ జాబితాలో స్థానం లేదు.